డోళ్ల దండు

ఆగస్టు 3, ఆదివారం

సునంద వచ్చింది. ఒక సూట్‌కేసు, ఒక అట్టపెట్టె. సూట్‌కేసు చిన్నది. పెట్టె పెద్దది.

సారపాక నుంచి మణుగూరుకు ఒక్కతే బస్సులో వచ్చింది. అల్లుడు కిషోర్ రాలేదు. మా ఆవిడ బతుకమ్మ గుమ్మంలోనే ఆపింది.

"గిదేందే, గీ పెట్టె?"

"మీ అల్లుడి పాణం. పట్టుకొచ్చిన," అంది సునంద.

లోపల ఏముందో నాకు తెలుసు. కిషోర్ మిల్లులో డ్యూటీ దిగి వచ్చాక బల్ల ముందు కూచుని చేసే బొమ్మలు. బొటనవేలంత ఉంటాయి. సగం మనిషి, సగం జంతువు. కొన్నిటికి దున్న తల, కొన్నిటికి మేక కాళ్లు. వాటిని దండుగా కట్టి, బల్ల మీద నిలబెట్టి, పాచికలు వేసి యుద్ధం ఆడతారట. పెళ్లయిన కొత్తలో నాకు ఒకటి చూపించాడు. బాగుంది అన్నాను. ఆఁ మామా అన్నాడు. మా ఇద్దరి మధ్య అంతకంటే పెద్ద మాటలు ఎప్పుడూ జరగలేదు.

అన్నం తిన్నాక సునంద చెప్పింది.

"నెలాఖర్ల ఖమ్మంల పోటీ ఉన్నది ఆయనకు. పెట్టె లేకుంట ఆగలేడు, వస్తడు. వచ్చినంక ముందుగాల నన్నడుగుతడా, పెట్టెనడుగుతడా చూస్త. పెట్టెనడిగితే పెట్టెనే పట్టుకపొమ్మంట. నేను ఈడనే ఉంట."

"గవేం మాటలే," అంది బతుకమ్మ.

"నిజంగనే అంటున్న. నాయినా, నువ్వు ఫోన్ చేసి ఆయనకు చెప్పకు."

నేను ఒకరికి ఫోన్ చేసి మాట్లాడతానని భయపడే మనిషి ఉందని ఇవాళే తెలిసింది.

ఆగస్టు 4

సంగతి బతుకమ్మ రాబట్టింది.

సునంద భద్రాచలంలో నర్సు. దమ్మపేట దవాఖానాకు బదిలీ అయింది. కాగితం అందిన సాయంత్రం ఏడ్చుకుంటూ ఇంటికి వచ్చి మొగుడికి చెప్పింది. కిషోర్ ఏదో బొమ్మకు గిట్టలు అతికిస్తున్నాడు. మొత్తం అయ్యేదాకా తల ఊపి, "ఊఁ. కాళ్లు మంచిగ కుదిరినయ్," అన్నాడట.

తప్పు. పెళ్లాం మాట్లాడుతున్నప్పుడు మగవాడు చేతిలో పని పక్కన పెట్టాలి. మొహం చూసి వినాలి. ఇదే మాట బతుకమ్మతో అన్నాను.

ఆమె నా వంక చాలాసేపు చూసింది. ఎందుకో తెలియదు.

ఆగస్టు 5

వాన.

ఆగస్టు 7

వాన తగ్గలేదు. గోదావరి ఎక్కుతోంది. బూర్గంపాడు దగ్గర రోడ్డు మీదికి నీళ్లు వచ్చాయట, సారపాక బస్సులు తిరగడం లేదు. "ఇగ రాని తప్పు నీళ్ల మీద పెడతడు," అంది సునంద.

మధ్యాహ్నం వెనక గదిలో కప్పు కురిసింది. మంచం కింద పెట్టె తడుస్తుందేమో అని బయటికి లాగి పైకెత్తాను. అప్పటికే తడిసి ఉంది. అడుగు ఊడింది. నేను చేసింది ఏమీ లేదు. మెల్లగానే ఎత్తాను.

అన్నీ నేల మీద పడ్డాయి.

చేతులు విరిగినవి, తోకలు విరిగినవి, నడుం దగ్గర రెండైనవి. సన్నటి పుల్లలు చాలా రాలాయి. ఒక్కటి మాత్రం దూదిలో చుట్టి ఉంది, దానికి ఏమీ కాలేదు. అది ఒక్కటే రంగు పూర్తి చేసిన బొమ్మ. ఆడమనిషి. నడుం పైన మనిషి, కింద ఎలుగుబంటి. ముక్కుకు పుడక. ఎక్కడో చూసిన మొహంలాగే ఉంది. గుర్తు రాలేదు.

సునంద పక్కింట్లో ఉంది. బతుకమ్మ వచ్చి చూసింది.

"నీ అల్లుడి పాణం ముక్కలు చేసినవ్ గదా."

"పెట్టె తడిసింది," అన్నాను.

"అవ్, పెట్టెదే తప్పు."

ముక్కలన్నీ చేటలో ఎత్తి వంటచెరకు కొట్టంలోకి మార్చాను. ఇప్పుడు అతను వచ్చి పెట్టెను అడిగితే సునంద వెళ్లదు. సునందనే అడిగినా, తరువాత పెట్టె తెరిస్తే అతను ఏమంటాడో. అంటే సునంద ఊరుకోదు. ఎటు చూసినా నా బిడ్డ ఇక్కడే ఉండిపోతుంది.

అతను వచ్చేలోపు అతికించాలి.

ఆగస్టు 8

ఫెవిక్విక్ తెచ్చాను. మొదటి మేక కాళ్లవాడు బాగా అతుక్కున్నాడు. నా బొటనవేలికి.

అన్నం దగ్గర చెయ్యి తువ్వాలు కింద పెట్టుకుని చెంచాతో తిన్నాను.

"చేతికేమైంది నాయినా?" అంది సునంద. నర్సు గదా, చూపు అటే పోతుంది.

"మేకు."

"చూపియ్, ఇంజక్షన్ ఏస్త."

బతుకమ్మ అడ్డం పడి, గోళ్ల రంగు తీసే మందు ఉందా అని బిడ్డను అడిగింది. సునంద తల్లిని కిందికీ మీదికీ చూసింది. "నీకెందుకమ్మా గిప్పుడు?" "ఏం, నాకు గోళ్లు లేవా?" మందు ఇచ్చింది. మేక ఊడింది. ఆ తరువాత ఊరికే పోతుందా అని బతుకమ్మ నిజంగానే గోళ్లకు రంగు పెట్టించుకుంది. ఎర్రది. బాగానే ఉంది. చెప్పలేదు.

ఆగస్టు 10

నడుం దగ్గర విరిగినవాటికి అడుగున చిన్న వెదురు పేళ్లు ఆసరా పెట్టాను, గనిలో కప్పుకు దుంగలు పెట్టినట్టు. ఇప్పుడు నిలబడుతున్నాయి.

చేతులే అర్థం కాలేదు. దున్న తలలవాళ్ల చేతులన్నీ ఏదో పట్టుకున్నట్టు ముడిచి ఉన్నాయి. పట్టుకున్నది విరిగిపోయింది.

సాయంత్రం జంపయ్య వచ్చాడు. గనిలో నాతో కలిసి టింబర్ పని చేశాడు, నాతోనే రిటైర్ అయ్యాడు. వాళ్ల గూడెంలో కొమ్ము ఆటకు ఇప్పటికీ ముందు నిలబడేది అతనే. తలకు దున్న కొమ్ములు, నెమలి ఈకలు, మెడలో డోలు. కొట్టంలోకి వచ్చి ఒక బొమ్మను అరచేతిలో పెట్టుకుని చూశాడు.

"గోపన్నా, వీళ్లు మావోళ్లు గదనే."

అప్పుడు తట్టింది. కొమ్ములు పెట్టుకున్న మగవాళ్లను నేను చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. పండగకు, పెళ్లికి, కలెక్టరు వచ్చినప్పుడు. డోలు లేకుండా ఒక్కణ్ణీ చూడలేదు. రాలిన సన్న పుల్లలన్నీ డోలు కొట్టే పుల్లలే. కిషోర్ ఇంకా డోళ్లు చెయ్యలేదు, అంతే.

"డోలు ఎట్ల ఏలాడుతది?" అని జంపయ్యను అడిగాను.

"అడ్డంగ. బొడ్డు మీదికి రావాలె. ఒక దిక్కు పుల్ల, ఒక దిక్కు చెయ్యి. పొడుగు జెయ్, పొట్టిగ జేస్తె అది మా డోలు కాదు."

ఆకుల్లాంటి బిళ్లలు కూడా కొన్ని మిగిలాయి. దేనివో తెలియలేదు. చుట్టూ అడివి ఉంటుంది గదా, ఆకులే అయి ఉంటాయి. టీపొడి డబ్బాలో వేశాను.

ఆగస్టు 12

ఎమ్‌సీల్ రెండు ముద్దలు కలిపి, చపాతీ పీట మీద సన్నగా పాముతాను. డోలంత పొడుగు కోస్తాను. ఆరకముందే సూదితో గీతలు గీస్తే తాళ్లు బిగించినట్టు కనబడుతుంది. మెడకు వేలాడదీయడానికి బతుకమ్మ పాత చీర దారం.

పీట ఎక్కడ అని బతుకమ్మ పొద్దుటినుంచి వెతుకుతోంది. నేనూ వెతికాను.

ఆగస్టు 13

రంగు మొదలుపెట్టాను. రంగు సీసాలు పెట్టెలోనే ఉన్నాయి, చిన్నవి, కంటి మందు సీసాలంత. ముందు మొత్తం నలుపు. ఆరాక గోధుమ రంగులో కుంచె ముంచి, గుడ్డకు తుడిచి తుడిచి, కుంచెలో రంగు లేదు అనిపించినప్పుడు బొమ్మ మీద ఆనించీ ఆనించనట్టు రాయాలి. ఎత్తుగా ఉన్నచోటే రంగు అంటుతుంది. వెంట్రుకలు వెంట్రుకలుగా లేచి వస్తాయి. బొగ్గు మసి మొహాన చెమట తుడిస్తే చెంపలు మాత్రం బయటపడినట్టు. ఇది నాకు ఎవరూ చెప్పలేదు, తడి కుంచెతో నాలుగు బొమ్మలు పాడు చేశాక తెలిసింది.

జంపయ్య వచ్చి ఒకణ్ణి చూపించాడు. "ఈడెవడే, నా లెక్కున్నడు?"

"కాదు," అన్నాను.

"మీసం జూడు."

"కాదు."

పోయేదాకా వాణ్ణే చేతిలో పెట్టుకున్నాడు.

బతుకమ్మ కొట్టం గుమ్మంలో నిలబడి ఏదో చెప్పింది. ఊఁ అన్నాను. గిట్టలు నల్లగా ఉంచాలా, కొంచెం పసుపు కలపాలా అని చూస్తున్నాను.

ఆగస్టు 14

పొద్దున లేచేసరికి బతుకమ్మ లేదు. ఇంత వయసు వచ్చాక చెప్పకుండా ఎక్కడికి పోతుంది. బావి దగ్గర చూశాను. కిరాణా కొట్టు దాకా పోయి చూశాను. ఎవరినీ అడగలేదు.

తిరిగి వచ్చేసరికి సునంద చాయ్ పెడుతోంది.

"మీ అమ్మ?"

"ఎర్రుపాలెం పోయింది. పెద్దమ్మ కోడలికి సీమంతం."

"చెప్పలేదు."

"నిన్న నీకు మూడు మాట్ల చెప్పింది నాయినా. నేను ఇంటున్న. పొద్దుగాల మొదటి బస్సుకు సంచి మోసి ఎక్కియ్యమన్నది. నువ్వు ఊఁ అన్నవ్. తనే మోసుకొని పోయింది."

చాయ్ గ్లాసు తీసుకుని కొట్టం వైపు నడిచాను.

"ఏం చేస్తున్నవ్ గా కొట్టంల?"

అని నా వెంట వచ్చింది. చేటలో దండు మొత్తం ఆరబెట్టి ఉంది. సునంద నిలబడి చూసింది. పెట్టె పగిలిన సంగతి, అతికించిన సంగతి, అంతా రెండు మాటల్లో చెప్పాను. తిడుతుందనుకున్నాను. కట్టెల మోపు మీద కూలబడింది.

"మీరిద్దరు ఒక్క తీరే. ఇది తెలిస్తె బస్సు కిరాయి పెట్టుకొని గింత దూరం రాకపోదును."

ఆమె పోయాక ఈ డైరీలో నాలుగో తారీఖున రాసింది చదివాను. కొట్టేద్దామనుకున్నాను. పెన్ను రాయలేదు.

ఆగస్టు 15

ఎలుగుబంటి ఆడమనిషి దూది విప్పి వెలుగులో మళ్లీ చూశాను. గడ్డం కింద వెంట్రుకంత గాటు ఉంది. కావాలనే వేశాడు, కుంచె జారింది కాదు.

ఆ గాటు నాకు తెలుసు. సునంద చిన్నప్పుడు సైకిల్ మీంచి పడింది, వెనక కూచోబెట్టుకున్నది నేనే.

ముక్కుపుడక. పొట్టి మెడ. నడుం మీద ఒక చెయ్యి.

సునందకు చెప్పాలి. ఏమని చెప్పాలి. నీ మొగుడు నిన్ను చేశాడు అనాలి. ఎలుగుబంటిలాగా. రెండో మాట లేకుండా మొదటి మాట చెప్పడం ఎట్లా.

చెప్పలేదు.

ఆగస్టు 16

సునంద తనే కొట్టంలోకి వచ్చింది. ఊరికే అంది. కాసేపటికి కుంచె తీసుకుంది. నా చెయ్యి వణుకుతుంది, ఆమెది వణకదు. నరం వెతికే చెయ్యి. కొమ్ముల చివర తెలుపు, నెమలి ఈకల్లో నీలం చుక్క, అన్నీ ఆమే పెట్టింది.

"నేనెన్నడు వీటిని సరిగ్గ చూల్లే," అంది ఒకసారి.

మధ్యాహ్నం ఎర్రుపాలెం నుంచి బతుకమ్మ ఫోన్ చేసింది. సునంద ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఈక చుక్కలు పెడుతూనే మాట్లాడింది. ఊఁ అంది. ఊఁ, ఊఁ అంది. ఆగి, "ఊఁ, మంచిదమ్మా," అంది.

"ఏమన్నది?" అన్నాను.

కుంచె ఆగింది. చాలాసేపు నా మొహం చూసింది.

"తెల్వది," అంది.

మళ్లీ పని చేసుకున్నాం.

చీకటి పడే వేళకు బతుకమ్మ ఇంటికి వచ్చింది. తలంతా తడిసింది. ఒక చేతిలో సంచి, ఒక చేతిలో నిమ్మకాయల మూట. నాలుగింటికి బస్టాండుకు గొడుగు పట్టుకుని రమ్మని ఫోన్‌లో చెప్పిందట.

గుమ్మంలో నిలబడి నన్ను చూసింది. బిడ్డను చూసింది. బిడ్డ ముక్కు మీద నీలం చుక్క ఉంది.

"అల్లుణ్ణి కూడ పిలువుండ్రి," అంది. "ముగ్గురైతరు."

ఆగస్టు 18

సునంద ఫోన్ చార్జింగ్ పెట్టే చోట ఎలుగుబంటి ఆమెను నిలబెట్టాను. చూస్తుందని.

సునంద కంటే ముందు బతుకమ్మ చూసింది.

"ఎవలీ తల్లి? ఎలుగుబంటి మీద కూసున్నదా?"

ఊఁ అన్నాను.

తీసుకుపోయి దేవుళ్ల గూట్లో పెట్టింది. కుంకుమ బొట్టు పెట్టి అగరుబత్తి వెలిగించింది.

ఆగస్టు 19

ఇవాళ కూడా వెలిగించింది. సునంద కూడా దండం పెట్టుకుని పోయింది.

ఆగస్టు 21

నీళ్లు తీశాయి. సారపాక బస్సులు తిరుగుతున్నాయట.

అతను రాలేదు. ఫోనూ లేదు. సునంద ఫోన్‌ను బోర్లా పెట్టి ఉంచుతుంది. ఊరికే ఒకసారి తిప్పి చూస్తుంది.

ఆగస్టు 22

రాలేదు. సునంద అన్నం సగం వదిలేసింది.

ఆగస్టు 23, శనివారం

వచ్చాడు.

నేను అరుగు మీద ఉన్నాను. చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, నా పక్కన కూచున్నాడు. సునంద వంటింట్లో ఉంది. గిన్నెల చప్పుడు ఆగింది. తలుపు వెనకే నిలబడి ఉంటుంది.

మొదట ఏది అడుగుతాడో నాకు తెలియాలి. ఆమెకు తెలియాలి. అతనికి ఒక్కడికే తెలియదు.

అతను వీధి వైపు చూశాడు. నేనూ చూశాను. కోడి ఒకటి పోయింది. ఇద్దరం దాన్ని చివరిదాకా చూశాం.

"మామా," అన్నాడు.

"ఆఁ."

"మోకాలు ఎట్లున్నది?"

లోపల గిన్నె ఒకటి పడింది. పడలేదు, వేసింది.

"బాగుంది," అన్నాను. గడ్డంతో వంటింటి వైపు చూపించాను, లోపలికి పో, ఆమెను అడుగు అని. అతను అటు చూసి, లేచి, వంటింటి గుమ్మం పక్క కుండలో నీళ్లు ముంచుకుని తాగి, మళ్లీ వచ్చి కూచున్నాడు.

ఇంకోసారి చూపించాను. మళ్లీ తాగాడు. మర్యాద గల పిల్లవాడు.

గిన్నెలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. అడుగు నాయనా అనడానికి నోరు తెరిచాను. గాలి వచ్చింది, మాట రాలేదు.

అప్పుడు అతను, వీధి వైపే చూస్తూ, "దమ్మపేటల ఇల్లు చూసొచ్చిన మామా," అన్నాడు.

గిన్నెలు ఆగాయి.

"నాలుగు దినాలు సెలవు పెట్టి తిరిగిన. అందుకే ఆలిస్యమైంది. దవాఖానాకు దగ్గర్నే. కిరాయికి. రెండే అర్రలు. సునందకు నైట్ డ్యూటీ పడినా భయం లేదు, నడిచి రావొచ్చు. నాకే రెండు బస్సులు మారాలె మిల్లుకు. ఫర్వాలే." కొంచెం ఆగాడు. "ఆనాడు చెప్పింది నాకు ఇనబడ్డది మామా. జర ఆలిస్యంగ ఇనబడ్డది. అప్పటికి బస్సెక్కింది."

సునంద వంటింట్లోంచి రాలేదు. బతుకమ్మ వచ్చింది. "చెయ్యి కడుక్కో బిడ్డా, తిందువు," అంది. లోపల ఎవరో ముక్కు చీదుకున్నారు.

తిన్నాక సునందే అడిగింది, మొహం చూడకుండా. "నీ పెట్టె అడుగవేంది?"

"ఉండనీ," అన్నాడు.

"ఏం ఉండనీ. నాయిన చూపిస్తడు, పో."

ఆ క్షణం నేను గనిలోకి దిగమన్నా దిగేవాణ్ణి.

కొట్టంలో చేట మీద గుడ్డ తీశాను. అతను ఒంగి చూశాడు. ఒక్కొక్కణ్ణీ ఎత్తి చూశాడు. చివరికి, చాలా మర్యాదగా, "మామా, వీళ్ల గొడ్డళ్లేవి?" అన్నాడు.

టీపొడి డబ్బా తెచ్చి ఇచ్చాను. ఆకులు చూశాడు.

ఆకులు కావు.

అప్పుడు చెప్పాడు. ఈ ఆటలో బొమ్మ చేతిలో ఏది కనబడితే అదే లెక్క. గొడ్డలి ఉంటే గొడ్డలితో కొడతాడు. బల్లెం ఉంటే బల్లెంతో. డోలు ఉన్నవాడు కొట్టడు, పక్కవాళ్లకు ధైర్యం ఇస్తాడు. గుంపుకు ఒక్కడు ఉంటాడు అలాంటివాడు.

"ఇప్పుడు అందరూ ధైర్యం చెప్పేటోళ్లే మామా," అన్నాడు. "కొట్టేటోడు ఒక్కడు లేడు."

పోటీకి ఇంక వారమే ఉంది. నా వల్ల పోయింది. ఏదో ఒకటి అనాలి. అన్నాను.

"కొమ్ములున్నయ్ గదా. కొమ్ములున్నోనికి గొడ్డలెందుకు. జంపయ్యోళ్లు ఆటల కొమ్ములతోనే కుమ్ముకుంటరు. డోలు ఇడిశిపెట్టరు."

ఇంత పొడుగు నేను ఎప్పుడు మాట్లాడానో గుర్తు లేదు. అతను నా వంక చూశాడు. బొమ్మలు చెక్కే బ్లేడు తీసి ఒక డోలు దగ్గర పెట్టాడు. జంపయ్య మీసం ఉన్నవాడిది. కాసేపు అలాగే పట్టుకున్నాడు. బ్లేడు కింద పెట్టాడు.

"డోలుకు తాళ్లు కూడ గీసిండ్రు," అన్నాడు మెల్లగా.

తరువాత పెట్టెలో, దూదిలో, చేట కింద వెతకడం మొదలుపెట్టాడు. మొహం రంగు మారింది.

"ఒకామె ఉండాలె."

సునంద గుమ్మంలోనే ఉంది. "ఎవలామె?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. నేను దేవుళ్ల గూడు వైపు చూపించాను. ఈసారి నీళ్లు తాగలేదు. బతుకమ్మే పోయి తెచ్చింది, కుంకుమతో సహా. "గీ తల్లేనా బిడ్డా? దినాం దీపం పెడుతున్న."

సునంద చేతిలోకి తీసుకుంది. ముక్కుపుడక చూసింది. గడ్డం కింద గాటు చూసింది. తన గడ్డం కింద వేలు పెట్టుకుంది. నాలుగైదు రోజులుగా తనకు తనే దండం పెట్టుకుందని అప్పుడు తెలిసినట్టుంది.

"ఎలుగుబంటా?" అంది.

"కింద మాత్రమే."

"ఎలుగుబంటా నేను?"

"దండుకు పెద్ద. ఆమె పడిపోతే ఆట అయిపోయినట్టే. ఎంత మంది మిగిలినా లెక్క రాదు. రూలు."

బర్రెను చూసి వస్తానని లేచి బయటికి వచ్చాను. బతుకమ్మ కూడా నా వెంటే వచ్చింది.

మాకు బర్రె లేదు.

ఆగస్టు 27

వినాయక చవితి. కిషోర్ రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చాడు. మట్టి వినాయకుణ్ణి పీట మీద పెట్టి బతుకమ్మ పత్రి వేస్తోంది. కిషోర్ తొండం దగ్గరికి ఒంగి చూస్తున్నాడు, మెడ ఎక్కడ అతికింది అని.

"దేవునికి దండం పెట్టు ముందుగాల," అంది సునంద.

ఆగస్టు 31, ఆదివారం

ఖమ్మం పోయి వచ్చాం. నలుగురం. జంపయ్య కూడా వస్తానన్నాడు గానీ వాళ్ల గూడెంలో పెళ్లి. తన మీసం ఉన్నవాణ్ణి ముందు నిలబెట్టమని చెప్పి పంపాడు.

ఫంక్షన్ హాలు మేడ మీద బల్లలు వేశారు. అందరూ పిల్లలు, కళ్లద్దాలు. మా పెట్టె తెరిచేసరికి చుట్టూ చేరారు. ఫోటోలు తీశారు. ఎవరు చేశారని అడిగితే కిషోర్ నన్ను చూపించాడు. నేను కిటికీ చూశాను.

పోటీ నడిపే అబ్బాయి విజయవాడ నుంచి వచ్చాడట. బాగా చూసి, "చాలా బాగున్నాయండి. కానీ ఆయుధాలు కనబడట్లేదు. ఆడనివ్వడం కష్టమండి," అన్నాడు.

కిషోర్ తల ఊపాడు. నేనూ ఊపాను. మా ఇద్దరికీ అది చాలు, ఇంటికి వచ్చేవాళ్లం.

"కొమ్ములు కనబడతలేవా?" అంది సునంద.

"అవి కొమ్ములేనండి, ఆయుధం అంటే..."

"దున్న పొడిస్తే దవాఖానల కుట్లేసేది నేను. కడుపుల ఎంత లోపటికి పోతదో చెప్పాల్నా?"

"వద్దండి."

"రూలుల కొమ్ము ఆయుధం కాదని రాసున్నదా? చూడుండ్రి."

అతను ఫోన్‌లో చాలాసేపు చూశాడు. రాసి లేదు. ఆడమన్నాడు.

మొదటి ఆట మావాళ్లు ఓడిపోయారు. రెండోదీ ఓడిపోయారు. అందరూ డోలు వాళ్లే కాబట్టి ఒక్కడూ భయపడి పారిపోలేదట. నిలబడ్డ చోటే పడ్డారు. ఇలాంటి దండును చూడలేదని ఎదుటి పిల్లవాడు అన్నాడు. మెచ్చుకున్నాడో లేదో తెలియలేదు.

మూడో ఆటలో సునంద కిషోర్ పక్కన కుర్చీ వేసుకుంది. కాసేపు చూసి, "నన్ను ఎనకాల దాస్తవేంది?" అంది.

"పడిపోతే ఆట పోతది."

"పోతే పోతది. ముందుకు పంపు."

అతను ఆమె మొహం చూశాడు. కుంచె లేదు చేతిలో, ఏమీ లేదు. ఊఁ అనలేదు. "సరే," అని ఎలుగుబంటిని ముందుకు జరిపాడు.

ఆ ఒక్క ఆట గెలిచారు. కుంకుమ మహిమ అంది బతుకమ్మ.

బస్టాండులో సునంద, కిషోర్ సత్తుపల్లి బస్సు ఎక్కారు, అటునుంచి దమ్మపేటకు. పెట్టె సునంద ఒళ్లో ఉంది. కిటికీలోంచి అతను, "మామా, వచ్చే దఫా మేకలకు ఏం పెడుదాం?" అన్నాడు. బస్సు కదిలింది. "గంటలు," అన్నాను. వినబడిందో లేదో.

సెప్టెంబరు 2

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఎమ్‌సీల్ ఒక ముద్ద మిగిలింది.

బతుకమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అడిగింది. "అల్లుడు గాయన పెండ్లాన్ని చేసిండు. నువ్వు నన్ను చేస్తె కింద ఏం పెడతవ్?"

తొందరపడి చెప్పే మాట కాదు.

సెప్టెంబరు 3

మళ్లీ అడిగింది.

సెప్టెంబరు 5

మొహం ముందు చేస్తున్నాను. కింది సంగతి తరువాత.

వెలుగు ఉన్న చోట కూచోమన్నాను. కదలకుండా కూచోవడం ఆమె వల్ల కాదు, మాట్లాడుతూ ఉంటాను అంది. ఎర్రుపాలెం సీమంతం మొత్తం చెప్పింది. ఎవరు ఏ చీర కట్టారు, ఎవరు ఎవరితో మాట్లాడలేదు, నిమ్మకాయలు ఎవరి చెట్టువి, వానలో బస్టాండులో ఎంతసేపు నిలబడింది. మొహం చేస్తుంటే మొహం చూడక తప్పదు. చూస్తుంటే వినక తప్పదు. అంతా విన్నాను. నవ్వేముందు ఆమె ఎడమ చెంప కొంచెం ముందు కదులుతుంది. ఇన్నేళ్లూ చూడలేదు.

"ఇంటున్నవా?" అంది మధ్యలో.

"నిమ్మచెట్టు మీ అక్క మరిదిది," అన్నాను.

చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. కాసేపటికి, "ఏం జంతువో గిప్పుడన్న చెప్పు," అంది.

ఊఁహూఁ అన్నాను. ఎడమ చెంప కదిలింది.